గేములకే కాదు నాన్నా... సినిమాలకూ!

గేమ్‌ కన్సోల్‌ కొనిపించుకోవడానికి పిల్లల దగ్గర ఎప్పుడూ ఓ బ్రహ్మాస్త్రం ఉంటుంది. 'గేములకే కాదు నాన్నా, ఇంటిల్లిపాదీ సినిమాలూ చూడొచ్చు!' ఆటవస్తువుకు అరలక్ష పెట్టడమేంటని గుంజాటన పడే నాన్న మెత్తబడేది ఆ మాటకే. మరి అందులో నిజమెంత? అది కొన్న ఏడాదిని బట్టి ఉంటుంది!

ఈ ముచ్చట మొదలైంది 2000 మార్చిలో, జపాన్‌లో. సోనీ తన ప్లేస్టేషన్‌-2ను 39,800 యెన్‌లకు మార్కెట్లోకి తెచ్చింది. డీవీడీ ప్లేయర్లు ఇంకా ఖరీదుగా ఉన్న రోజులవి. గేముల పెట్టెలోనే డీవీడీ కూడా ఆడుతుందనేసరికి సినిమాల కోసమే కొన్నవాళ్లూ ఉన్నారు. మన ఇళ్లలో మాత్రం ఓ చిక్కుండేది. అప్పట్లో మనదంతా వీసీడీల రాజ్యం. పెళ్లి వీడియో నుంచి పాత సినిమాల దాకా అన్నీ వాటిలోనే. ప్లేస్టేషన్‌-2 వీసీడీని అసలు గుర్తించదు! పైగా అమెరికా నుంచి ఏ బాబాయో తెచ్చిన పెట్టె అయితే అక్కడి ఒకటో రీజియన్‌ డీవీడీలకే తలుపు తీస్తుంది. మనది అయిదో రీజియన్‌. ఇక ఏ రీజియనూ లేని డిస్కులే దిక్కు.

సినిమా పెట్టెగా నా ఓటు మాత్రం ప్లేస్టేషన్‌-3కే. 2006లో శామ్‌సంగ్‌ అమెరికాలో అమ్మిన తొలి బ్లూ-రే ప్లేయర్‌ ధర దాదాపు వెయ్యి డాలర్లు. అదే ఏడాది నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్‌-3 ధర 499 డాలర్లతో మొదలైంది. సగం ధరకు బ్లూ-రే ప్లేయర్‌, గేములు కొసరు అన్నమాట! గొప్పదనం ధరలోనే లేదు. మామూలు ప్లేయర్‌ కొన్ననాడు ఎలా ఉందో చివరిదాకా అలాగే ఉంటుంది. ఇది మాత్రం ఇంటర్నెట్‌ ద్వారా కొత్త విద్యలు నేర్చుకుంటూ పోయింది. 2007లో పాత డీవీడీల బొమ్మను మెరుగుపరచడం నేర్చింది, 2010లో త్రీడీ సినిమాలు చూపించింది. అవతల మైక్రోసాఫ్ట్‌ ఎక్స్‌బాక్స్‌ 360కి 199 డాలర్లతో హెచ్‌డీ డీవీడీ డ్రైవ్‌ విడిగా అమ్మింది. 2008 ఫిబ్రవరిలో తోషిబా హెచ్‌డీ డీవీడీకి స్వస్తి చెప్పడంతో అది కొన్నవాళ్ల డబ్బు గంగలో కలిసింది.

అలాగని ప్లేస్టేషన్‌-3కి వంక లేదని కాదు. దానికి ఇన్‌ఫ్రారెడ్‌ లేదు. ఇంట్లో ఉన్న మామూలు రిమోట్‌లు దానికి నేరుగా పనిచేయవు. రిమోట్‌ విడిగా కొనాలి, లేదంటే గేమ్‌ప్యాడే గతి. సినిమా మధ్యలో కుక్కర్‌ కూత వేస్తే అమ్మ ఆపాల్సింది దాంతోనే. ఏ మీట నొక్కాలో తెలియక 'ఒరేయ్‌, ఇలా రా' అని కేకేయాల్సిందే. నన్నడిగితే ఇంటి ప్లేయర్‌కు అసలు పరీక్ష ఇదే. బొమ్మ నాణ్యత తర్వాత!

ఆ తర్వాతే సోనీ తమాషా చేసింది. బ్లూ-రేను నెత్తిన పెట్టుకున్న కంపెనీయే 2016లో తెచ్చిన ప్లేస్టేషన్‌-4 ప్రోలో 4కె డిస్కులు ఆడవు. అదే ఏడాది వచ్చిన ఎక్స్‌బాక్స్‌ వన్‌ ఎస్‌లో ఆడతాయి!

ఇప్పటి సంగతికొస్తే... ఓటీటీ సినిమాల కోసమే అయితే కన్సోల్‌ దండగ. ఆ పని స్మార్ట్‌ టీవీయే చేసేస్తుంది. టీవీకి తగిలించే చిన్న స్టిక్‌ కొద్ది వాట్లతో నెట్టుకొచ్చే పనికి కన్సోల్‌ పదుల వాట్లు తాగుతుంది. డిస్కులు పోగేసే అలవాటుంటే మాత్రం ప్లేస్టేషన్‌-5, ఎక్స్‌బాక్స్‌ సిరీస్‌ ఎక్స్‌ ఇప్పటికీ అక్కరకొస్తాయి. 4కె బ్లూ-రేలకు రీజియన్‌ గొడవ కూడా లేదు. కాకపోతే షాపులో కళ్లు తెరుచుకుని కొనాలి. ప్లేస్టేషన్‌-5 2021 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చినప్పుడు డిస్కు మోడల్‌ 49,990 రూపాయలు, డిజిటల్‌ మోడల్‌ 39,990. పదివేలు మిగిలాయని ఆ రెండోది తెచ్చుకుంటే డిస్కు పెట్టడానికి చోటే ఉండదు. ఎక్స్‌బాక్స్‌ సిరీస్‌ ఎస్‌ కూడా అంతే.

అన్నట్టు, ఘంటసాల పాటల సీడీలు దాచుకున్న తాతయ్య ఇంట్లో ఉంటే ముందే చెప్పేయండి. ప్లేస్టేషన్‌-5 ఆడియో సీడీలు పాడదు.