“వీసా వచ్చింది” అనగానే సరిపోదు, ఏ వీసా అన్నదే ప్రశ్న

“మావాడికి వీసా వచ్చేసింది” అన్న వార్త ఊరిలో ఎంత వేగంగా పాకుతుందో, “ఏ వీసా?” అన్న ప్రశ్న అంత అరుదుగా వినిపిస్తుంది. ఒకప్పుడు విదేశయానమంటే చెన్నైలోనో ముంబయిలోనో దౌత్య కార్యాలయం ముందు వేకువజామునుంచి వరుసలో నిలబడటం. ఎందుకు వెళుతున్నారు, ఎన్నాళ్లుంటారు, ఖర్చు ఎవరు భరిస్తారు అని అక్కడి అధికారి అడిగేవాడు. ఆ ప్రశ్నలు విసుగు పుట్టించినా, మోసం ఏదైనా ఉంటే అక్కడే బయటపడే అవకాశం కొంత ఉండేది. నేడు అనేక దేశాలకు ఆ వరుస లేదు. పాస్‌పోర్టు మొదటి పుట, ఒక ఛాయాచిత్రం, కార్డుతో రుసుము చెల్లింపు; కొద్ది దినాలలో ఈ-వీసా చరవాణికే వస్తుంది. అధికారి అడుగవలసిన ప్రశ్నలను ఇప్పుడు కుటుంబమే తనకు తాను వేసుకోవలసి వస్తున్నది. వేసుకోకపోతే ఏమి జరుగుతుందో గత కొన్నేళ్ల ఉదంతాలు చెబుతున్నాయి.

2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు కంబోడియాకు మనుషులను తరలిస్తున్న ఏజెంట్ల ముఠాను పట్టుకున్నారు. కంప్యూటర్‌పై వివరాలు నమోదు చేసే ఉద్యోగమని చెప్పి, ఒక్కొక్కరివద్ద లక్షన్నర వరకు వసూలు చేసి, బ్యాంకాక్ మీదుగా కంబోడియా సరిహద్దు పట్టణమైన పోయ్‌పెట్‌కు చేర్చేవారని దర్యాప్తులో తేలింది. అక్కడ వారి చేతికి వచ్చినది ఒక నెల సందర్శక వీసా. అటుపైన పాస్‌పోర్టు లాక్కొని, ఫోన్లలో మన దేశస్థులనే మోసగించే పనికి కూర్చోబెట్టారు. అంతకుముందే, 2023 డిసెంబరు చివరిలో, ఒడిశాలోని రూర్కెలా పోలీసులు ఇటువంటి ముఠానే ఛేదించారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దులోని మోసాల కేంద్రాలనుంచి బయటపడిన భారతీయులను థాయిలాండ్‌లోని మే సోట్ నుంచి వాయుసేన విమానాలలో తీసుకురావలసి వచ్చింది. 10వ తేదీన 283 మంది, మరునాడు 266 మంది. వారిలో తెలుగువారూ ఉన్నారు.

వీరిలో అత్యధికులు మొదటి దేశంలో అడుగుపెట్టినది దొంగదారిన కాదన్నది గమనార్హం. సందర్శకులుగా, చట్టబద్ధమైన ద్వారంలోనుంచే వెళ్లారు. కాగితం నకిలీది కాదు. ఆ కాగితంపై వ్రాసిన ప్రయోజనమే వారి ప్రయాణానికి సరిపోలేదు.

కంబోడియానే ఉదాహరణగా తీసుకుందాం. అక్కడి ఈ-వీసాలో ప్రధానంగా రెండు తరగతులు. “టి” అక్షరం గలది సందర్శకులకు, “ఇ” అక్షరం గలది వ్యాపారాది ఇతర ప్రయోజనాలకు. రెండింటికీ తొలి గడువు 30 రోజులే. రుసుములో తేడా కొద్ది డాలర్లే. అందుచేత ఏది తీసుకుంటే ఏమిటన్న భావన సహజం. అయితే “టి” వీసాను ఒక్కసారి మాత్రమే, మరొక నెలకు పొడిగిస్తారు. “ఇ” వీసాను దీర్ఘకాలానికి పొడిగించుకోవచ్చు. పని చేయాలంటే దానిపై వేరుగా పని అనుమతి పొందాలి. కనుక రెండేళ్ల ఉద్యోగమని చెప్పి చేతిలో “టి” వీసా పెట్టినవాడు అబద్ధమాడుతున్నట్టే. “వెళ్లాక మారుస్తాం” అన్నది ఆ అబద్ధానికి రెండవ భాగం. గడువు దాటిన ప్రతి దినానికి పది డాలర్ల జరిమానా పడుతుంది. పాస్‌పోర్టు కూడా చేతిలో లేని యువకుడికి ఆ జరిమానాయే మరొక సంకెల అవుతుంది.

మన ప్రభుత్వ తనిఖీ ఏమైనదని పాఠకులు అడుగవచ్చు. పదవ తరగతి ఉత్తీర్ణులు కాని వారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ తరగతికి చెందుతుంది. గల్ఫ్ దేశాలు, మలేషియా, థాయిలాండ్ సహా 18 దేశాలకు వారు ఉద్యోగార్థం వెళ్లాలంటే వలస అనుమతి కావాలి. ఆ జాబితాలో కంబోడియా లేదు. పది చదివినవారికి ఈ నిబంధనే వర్తించదు. సందర్శనకు వెళుతున్నానన్నవారికి, వారు ఏ తరగతివారైనా, ఈ అనుమతితో పనిలేదు. ఏజెంట్లు సందర్శక వీసాను ఇంతగా ప్రేమించడానికి కారణం ఇదే. ప్రభుత్వ గుర్తింపు గల ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉంటుంది. అతడు తీసుకోదగిన సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షన్నర అడిగినవాడు ఆ జాబితాలో దొరకడు.

ఉద్యోగం మాట అటుంచి, నిజముగానే పది దినాలు చూసి రావడానికి వెళ్లే కుటుంబాలకు ప్రమాదం వేరు. వియత్నాం 2023 ఆగస్టు 15 నుంచి 90 రోజుల ఈ-వీసా ఇస్తున్నది. ఒక ప్రవేశానికి 25 డాలర్లు, పలు ప్రవేశాలకు 50. సగం ధరకు వస్తున్నదని మొదటిది తీసుకొని, అక్కడినుంచి ఆంకోర్ ఆలయం చూడడానికి కంబోడియా వెళ్లి, తిరిగి వియత్నాం మీదుగా ఇంటికి రావాలనుకుంటే ద్వారం మూసుకుపోతుంది. ఒక్క ప్రవేశం అప్పటికే అయిపోయినది కదా! నలుగురు కుటుంబసభ్యులకు నూరు డాలర్లు ఆదా చేయబోయి, కొత్త వీసా వచ్చేవరకు పరాయి ఊరిలో బస చేయవలసి రావచ్చు.

తేదీల లెక్క కూడా అన్ని దేశాలకు ఒకటి కాదు. కంబోడియా ఈ-వీసా జారీ అయిన మూడు నెలలలోగా ప్రవేశించవచ్చు. 30 రోజులు ప్రవేశించిన నాటినుంచి నడుస్తాయి. వియత్నాం వీసాపై ఆరంభ, ముగింపు తేదీలు రెండూ ముద్రించి ఉంటాయి. ఆలస్యంగా వెళ్లినందువల్ల ముగింపు తేదీ వెనక్కు జరగదు.

ఇక పేరు. ఇది సరిహద్దు కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు. ఆంధ్రదేశంలో ఇంటిపేరు పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలోనే పడుతుంది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల మన తెలుగువారు తమిళనాట వాడుకననుసరించి ఇంటిపేరు వదలి, తండ్రిపేరు మొదటి అక్షరంతో సరిపెట్టుకున్నవారు చాలామంది. కొందరి పాస్‌పోర్టులలో ఒక గడి ఖాళీగానే ఉంటుంది. 2022 నవంబరులో యూఏఈ, ఒకే పేరు గల పాస్‌పోర్టుతో సందర్శక వీసాపై వచ్చేవారిని అనుమతించబోమని విమానసంస్థల ద్వారా తెలియజేసింది. రెండవ పుటలో తండ్రిపేరో ఇంటిపేరో ఉంటే అంగీకరిస్తామని పిదప వివరణ ఇచ్చింది. కొడుకు దుబాయిలో ఉన్నాడని టిక్కెట్టు కొనేముందు తల్లిదండ్రులు చూసుకోవలసినది ఈ గడినే. దరఖాస్తులో పేరును పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టుగా, అక్షరం మారకుండా నింపాలి. పెళ్లి తరువాత మారిన పేరును, ఆధార్‌లోని పేరును అందులో కలుపరాదు.

అదే దుబాయికి అన్నదమ్ముల వద్దకు సందర్శక వీసాపై వెళ్లి, అక్కడే పని వెదుక్కోవచ్చన్న ఆలోచన మన పల్లెలలో ఇంకా బలంగా ఉన్నది. పని వెదకడం వేరు, పనిలో చేరడం వేరు. 2024 ఆగస్టులో యూఏఈ చట్టాన్ని సవరించి, అనుమతి లేకుండా పనిచేయించుకునే యజమానికి జరిమానాను లక్ష దిర్హమ్‌ల నుంచి పది లక్షల వరకు పెంచింది. కనుక సందర్శక వీసాపైనే వెంటనే పనిలో చేరమనే సంస్థ ఎటువంటిదో ఊహించుకోవచ్చు.

దరఖాస్తు ఎక్కడ పెట్టాలన్నదీ ఎంపికలో భాగమే. శోధనలో మొదట కనిపించేవి తరచుగా ప్రభుత్వ స్థలాలను పోలిన ప్రైవేటు స్థలాలు. అవి అసలు రుసుముకు రెండు మూడింతలు తీసుకుంటాయి. కంబోడియా అధికారిక చిరునామా చివర “జీఓవీ డాట్ కేహెచ్” అని, వియత్నాందైతే “జీఓవీ డాట్ వీఎన్” అని ఉంటుంది. వేరే దేశమైతే ఢిల్లీలోని ఆ దేశ దౌత్య కార్యాలయపు స్థలంలో చూపిన లంకెనుంచే వెళ్లడం క్షేమం.

సరిహద్దులో ఉన్నవారికి మరొక ఇబ్బంది కలదు. ఊరు ఒక రాష్ట్రంలో, ఏజెంటు దుకాణం పక్క రాష్ట్రపు పట్టణంలో. మోసపోయిన తండ్రిని ఇటువారు అటు పొమ్మని, అటువారు ఇటు పొమ్మని తిప్పడం మనకు కొత్త కాదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా దగ్గరి ఠాణాలోనే సమాచారమిచ్చి కేసు నమోదు చేయించవచ్చు. దీనినే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. అప్పుడు పనికివచ్చేవి వీసా ప్రతి, పాస్‌పోర్టు ప్రతి, ఏజెంటుకు డబ్బు పంపిన రసీదు, అతడు ఫోనులో పంపిన సందేశాలు. బిడ్డ విమానమెక్కకముందే ఇవన్నీ ఇంట్లో ఒకచోట ఉండాలి. డబ్బు చేతికివ్వక బ్యాంకు ద్వారా పంపినప్పుడే ఆ రసీదు మిగులుతుంది.