తరువాతి ఉస్తాద్ ఎవరు?

2025 జూలైలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య జాతీయ జట్టుకు శిక్షకుడు కావలెనని ప్రకటించగా 170 దరఖాస్తులు వచ్చినవి. వాటిలో స్పెయిన్ దేశపు ప్రఖ్యాత క్రీడాకారుడు షావీ పేరు కూడ ఉన్నదని వార్త పొక్కగానే దేశమంతటా అభిమానులు పండుగ చేసుకొన్నారు. అంతటివాని జీతం మనం భరించగలమా అన్న విచారం కూడ ఆ వెంటనే బయలుదేరినది. తీరా చూస్తే షావీ పేరిట, గార్డియోలా పేరిట వచ్చిన దరఖాస్తులు నిజమైనవి కావని సమాఖ్యయే ప్రకటించవలసి వచ్చినది. ఎవరో ఆకతాయి చేసిన పని! నన్ను ఆలోచింపజేసినది ఆ ఆకతాయితనం కాదు, మనం దానిని నమ్మిన వేగం. ఎక్కడి నుండియో ఒక మహానుభావుడు దిగివచ్చి మన ఆటను ఒడ్డుకు చేర్చునన్న ఆశ మన మనస్సులలో ఎంత సిద్ధంగా కూర్చుండి ఉన్నదో ఆ ఒక్క వార్తతో తెలిసిపోయినది.

మన హరిశ్చంద్రపురం ప్రాంతంలో ఫుట్‌బాల్ ఇంకను చుట్టపుచూపుగా వచ్చిన ఆటయే. క్రికెట్టుకు, కబడ్డీకి, వాలీబాలుకు ఉన్న ఆదరణ దానికి లేదు. అయినను ఉద్దానం నుండి ఖరగ్‌పూరుకు, కలకత్తాకు బ్రతుకుతెరువుకై పోయినవారి పిల్లలు సెలవులకు వచ్చినప్పుడెల్లా మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ తగాదాలను కూడ మూటకట్టి తెస్తూ ఉంటారు. హౌరా రైలు మన ఊరి మీదుగానే పోవుచున్నది గదా! ఈ సంవత్సరం మన విద్యార్థుల నోట నలుగుతున్న ప్రశ్న మరింత దగ్గరిది. మన కళాశాల జట్టుకు రాబోవు సంవత్సరం శిక్షకుడెవరు? విశాఖపట్నం నుండి పట్టా గలవానిని పిలిపించవలెనని ఒక వర్గం, ఊరి మైదానం ఎరిగినవాడే చాలునని మరియొక వర్గం రెండు శిబిరాలుగా చీలియున్నవి. విషయం కళాశాల కమిటీ పరిశీలనలో ఉన్నది కనుక నా అభిప్రాయం ఈ పుటలలో విన్నవించుకొంటున్నాను. ఎవరిని పిలువవలెనో నిర్ణయించుటకు ముందు, వచ్చినవానికి మనం ఏమి ఇవ్వదలచినామో, ఎంతకాలం ఇవ్వదలచినామో నిర్ణయించుకొనవలెను. ఇది తేలనిదే పేర్ల మీద జరిగే వాదమంతా గాలిమాటయే.

ముందుగా ఒక మాట గూర్చి. ఇంగ్లండు క్లబ్బులలో మేనేజరనగా జట్టును తీర్చువాడు, ఆటగాళ్ల కొనుగోళ్లలో కూడ మాట చెల్లువాడు. మన దేశంలో జట్టు మేనేజరంటే రైలు టిక్కెట్లు, సామాను, భోజనాలు చూచుకొను పెద్దమనిషి. ఉర్దూలో ఈ చిక్కు లేదు. బడిలో అక్షరాలు దిద్దించువాడును ఉస్తాదే, కుస్తీ పట్టించువాడును ఉస్తాదే. తాలీం అనగా విద్య. ఆ మాటయే మన తెలుగు ఊళ్లకు వచ్చి తాలింఖానా అయినది. దండీలు తీసే చోటును చదువుల చావడి పేరుతో పిలుచుకొన్న జాతి మనది. ఆంధ్రదేశంలో ఫుట్‌బాల్ శిక్షకులను గూర్చి చర్చించవలసి వచ్చినప్పుడు ఈ మాటను పక్కన పెట్టుటకు వీలులేదు. ఏలనగా మనకు తెలిసిన అందరిలోను మిన్నయైన శిక్షకుడు వృత్తిచేత బడిపంతులు.

ఆయన హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల వంటి చోట్ల ఉపాధ్యాయులుగా పనిచేస్తూ వ్యాయామ విద్యలోను అర్హత సంపాదించారు. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దగా ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచినది. పోలీసు లైన్ల నుండి, సికింద్రాబాదు వీథుల నుండి వచ్చిన సామాన్య కుటుంబాల కుర్రవాండ్రతో సాధించిన విజయమది. ఆయన నేర్పిన విధానం ఉపాధ్యాయులందరును తెలిసికొనదగినది. కుడికాలు బలంగా గల కుర్రవాండ్రకు ఎడమకాలితో మాత్రమే ఆడవలెనన్న నియమంతో పోటీలు పెట్టేవారు. బంతిని తనవద్దనే ఉంచుకొని మెరుపులు చూపువారి కోసం, బంతిని వెంటనే తోటివానికి అందించి తీరవలెనన్న నియమంతో వేరొక పోటీ. లెక్కలలో వెనుకబడిన పిల్లవానికి ప్రత్యేకంగా లెక్కలే ఇచ్చు మాస్టరు పద్ధతి కాక ఇది మరేమిటి? అటువంటి శిక్షణ గల హైదరాబాదు నుండి బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ ప్రభృతులు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ జట్టులో చోటు సంపాదించుటలో ఆశ్చర్యం లేదు. ఆ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగవ స్థానం పొందినది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకు మించి ఎన్నడును పోలేదు.

ఇచ్చట విద్యార్థి మిత్రులు ఒక లెక్క గమనించవలెను. మెల్‌బోర్న్‌కు నాలుగేండ్ల ముందు 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఇదే రహీం సాహెబు శిక్షణలో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయినది. పది గోళ్లు! నేటి అభిమానులు ఆ రాత్రి మేలుకొని ఉండినచో తెల్లవారకముందే కొత్త శిక్షకుని పేరు దేశమంతటా మారుమ్రోగి ఉండెడిది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం తెచ్చినవాడన్న సంగతి ఎవ్వరికిని గుర్తుండెడిది కాదు. 1962 జకార్తా ఆసియా క్రీడలను చూడండి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించినది. తరువాత థాయిలాండు, జపాను, దక్షిణ వియత్నాంలను దాటి, సెప్టెంబరు 4వ తేదీన అదే కొరియాను అంతిమ పోటీలో 2-1తో జయించినాము. తలకు గాయమై కుట్లు పడిన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగును రహీం సాహెబు ముందు వరుసలో నిలిపితే అతడు ఫైనలులో గోలు చేశాడు. మరియొక గోలు పి.కె. బెనర్జీది. అప్పటికే క్యాన్సరు ఆయన శరీరంలో ప్రవేశించి ఉన్నది. 1963 జూన్‌లో ఆయన కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం ఆ తరువాత మనకు రాలేదు.

ఇటీవల ఆయన జీవితం మైదాన్ అను హిందీ చలనచిత్రమై 2024లో విడుదలైనది. మన విద్యార్థులలో పలువురు ఆయన పేరు తొలిసారిగా అందులోనే విన్నారట. వినుట మంచిదే. కాని సినిమాలో వలె ఒక్కడు వచ్చి అంతయు చక్కబరచినాడన్న భ్రమ మాత్రం వద్దు. ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి కూడ. బడి, మైదానం, సంఘం మూడును ఒకే చేతిలో ఏండ్ల తరబడి ఉన్నవి. ఆ వీలు ఆయన తరువాత హైదరాబాదులో మరెవ్వరికిని దొరకలేదు. ఉస్తాదులు లేకపోలేదు. సయ్యద్ నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్‌కు 1990లో ఒకే సంవత్సరం మూడు పెద్ద కప్పులు గెలిపించి ద్రోణాచార్య పురస్కారం అందుకొన్నారు. షబ్బీర్ అలీ గోవాకు పోయి సాల్గావ్కర్ క్లబ్బును 1999లో జాతీయ లీగు విజేతగా నిలిపారు. ఇద్దరును హైదరాబాదువారే. విద్య ఇక్కడిది, పంట వేరొకరిది!

కలకత్తాలో శిక్షకుని విలువ ఎరుగుదురు, ఒక్కొక్కసారి మితిమీరి ఎరుగుదురు. 1997 జూలైలో సాల్ట్‌లేక్ మైదానానికి లక్షా ముప్పది వేలకు పైగా జనం వచ్చినది, సగం ఆట కోసం, సగం ఇద్దరు శిక్షకుల వాదం తేల్చుకొనుట కోసం. మోహన్ బగాన్‌కు అమల్ దత్తా, ఈస్ట్ బెంగాల్‌కు జకార్తా వీరుడైన పి.కె. బెనర్జీ. దత్తాగారి వజ్రాకార వ్యూహం ఆనాడు 4-1తో ఓడిపోయినది. కాని ఆ వ్యూహాన్ని గూర్చి టీ దుకాణాలలో వాదించిన ప్రతివాడును ఆట గూర్చి నాలుగు సంగతులు నేర్చుకొన్నాడు. అభిమానుల వాదమంతా వ్యర్థమని నేను అనను. ఆట ఎట్లు ఆడవలెనన్న వాదం మేలు. ఎవడు పోవలెనన్న వాదం వేరు.

ఇక మన కాలపు ఉదాహరణ. 2019లో హైదరాబాదుకు ఇండియన్ సూపర్ లీగులో ఒక క్లబ్బు ఏర్పడినది. మొదటి సంవత్సరం అట్టడుగున నిలిచి, శిక్షకుని నడుమనే పంపివేసినది. తరువాత స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్క్వెజ్ వచ్చాడు. ఆకాశ్ మిశ్రా వంటి ఇరువది ఏండ్లు నిండని కుర్రవాండ్రను ధైర్యంగా ఆడించాడు. తొలి ఏడు ఐదవ స్థానం. ఎవ్వరును ఆయనను తరుమలేదు. రెండవ ఏడు, 2022 మార్చి 20న, కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి విజేత అయినారు. మూడవ ఏడు లీగు పట్టికలో రెండవ స్థానం. ఆయన 2023లో గోవాకు వెళ్లిపోయిన తరువాత క్లబ్బు జీతాలు చెల్లించలేని స్థితికి వచ్చినది. ఆటగాళ్లు ఒక్కరొక్కరుగా విడిచిపోయినారు. తాంగ్‌బోయ్ సింగ్టో మిగిలిన కుర్రవాండ్రతోనే నెట్టుకొని వచ్చినా 22 ఆటలలో ఒక్క గెలుపే దక్కినది. ఆ దినాలలో కూడ కొందరు అభిమానులు తరువాతి శిక్షకుడెవరని తర్కించుచునే ఉన్నారు. పొయ్యిలో నిప్పు లేనప్పుడు వంటవాని మార్చి ఏమి ప్రయోజనం? 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి పేరు కూడ మార్చుకొన్నది.

ఆ మనోలో మార్క్వెజే 2024లో భారత జట్టు శిక్షకుడైనాడు. గోవా క్లబ్బు పనిని కూడ వదలలేదు. ఎనిమిది ఆటలలో ఒక్క గెలుపు. 2025 జూలైలో నిష్క్రమణ. మూడేండ్లలో హైదరాబాదును నిలబెట్టిన జ్ఞానం ఒక్క సంవత్సరంలో ఆవిరి కాలేదు గదా! హైదరాబాదులో ఆయనకు ప్రతి ఉదయం అవే ముఖాలు, అదే మైదానం ఉండినవి. జాతీయ జట్టులో ఆటగాళ్లు నాలుగు దినాలు చేతికి వచ్చి మరల తమ క్లబ్బులకు పోయేవారు. మనిషి ఒక్కడే, ఫలితాలు రెండు. పేరును బట్టి నియమించువారికి ఇంతకు మించిన సమాధానం నావద్ద లేదు.

తరువాత 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ నియమితులైనారు. 2017లో మిజోరం నుండి వచ్చిన అయిజోల్ అను చిన్న క్లబ్బుకు ఐ-లీగు గెలిపించిన ఘనత ఆయనది. చాలాకాలం తరువాత భారతీయుడు భారత జట్టుకు శిక్షకుడైనాడని అభిమానులు హర్షించారు. నియామకమైన కొద్దికాలానికే తజికిస్తాన్‌లో జరిగిన పోటీలలో ఒమాన్‌ను పెనాల్టీలతో ఓడించి మూడవ స్థానం తెచ్చినప్పుడు ఆ హర్షం రెట్టింపైనది. అక్టోబరులో సింగపూరు చేతిలో 2-1తో ఓడి ఆసియా కప్పు అర్హత పోగానే, నవంబరులో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో కూడ ఓడగానే, విదేశీయుడే కావలెనన్న పాత పాట మొదలైనది. స్వదేశీయుడా విదేశీయుడా అన్న ప్రశ్న నాకు ఎప్పుడును ముఖ్యమని తోచలేదు. నేర్పువాడా, నేర్పుటకు వ్యవధి ఉన్నవాడా అన్నదే చూడవలెను.

మన జిల్లాలోనే ఇందుకు సాక్ష్యం ఉన్నది. ఆమదాలవలస దగ్గరి వూసవానిపేటలో నీలంశెట్టి అప్పన్నగారి వద్ద బరువులెత్తుట నేర్చుకొన్న కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలతో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ అయినది. ఆ తరువాత ఆమెకు పెద్ద పెద్ద శిక్షకులు లభించారు. కాని మొదటి బరువు చేతికిచ్చినది పల్లెటూరి గురువు. ఆయనను ఎవరు నియమించారని ఎవరైనా అడిగినారా?

అయితే పనికిరాని శిక్షకుని కూడ భరించవలెనా అని మిత్రులు నన్ను అడుగుదురు. అక్కరలేదు. అయితే పరీక్ష గెలుపోటములతో కాదు. జూన్‌లో ఎడమకాలితో బంతి ముట్టలేని కుర్రవాడు జనవరి నాటికి ముట్టగలుగుచున్నాడా అని చూడండి. లేదంటే నిస్సంకోచంగా సెలవు ఇవ్వండి.

కమిటీ పెద్దలకు నా విన్నపం మూడు మాటలే. వచ్చినవానికి మూడేండ్ల వ్యవధి వ్రాతమూలకంగా ఇవ్వండి. జట్టు ఎంపికలో ఆయన మాటయే చివరిమాటగా ఉండనివ్వండి. ఎవరి బంధువు, ఏ తరగతివాడు అన్న సిఫారసులు మైదానపు గట్టు దాటరాదు. ఈ మాట కొందరికి కష్టం కలిగించునని ఎరిగియే వ్రాస్తున్నాను. ఇరువదిరెండు మందికి రెండు బంతులు చాలవు, కనీసం పది కావలెను. ఆయన విశాఖపట్నం పట్టా గలవాడైనను, ఊరి బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడైనను నాకు సమ్మతమే. అయినను సమానమైన ఇద్దరు దొరికినచో, ప్రతి సాయంత్రం నాలుగున్నరకు తప్పక రాగలవానికే నా ఓటు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గాలికి వంగిన తూర్పువైపు గోలు స్తంభం నేటికిని అట్లే వంగి ఉన్నది. దానిని నిలబెట్టుటకు మాత్రం ఏ శిక్షకుని నియామకం వరకును ఆగవలసిన పని లేదు.