కౌన్సిలర్ పోస్టు ఒక్కటే అడిగితే చాలదు

పోయినేడాది మా హాస్టల్‌కు ఒక కౌన్సిలర్ మేడం వచ్చారు. మాలో ఒకమ్మాయి ఇంటి బాధ చెప్పుకుని ఏడ్చింది. సాయంత్రానికల్లా ఆ మాట వార్డెన్ దాకా పోయింది. ఆ తర్వాత మేమెవరం ఆ గది గడప తొక్కలేదు.

మేడం చెడ్డవారని అనట్లేదు. అప్పుడే చదువు అయిపోయి వచ్చారు. ఏ మాట దాచాలో, ప్రాణం మీదికొస్తే ఏది ఎవరికి చెప్పాలో కూర్చోబెట్టి నేర్పే సీనియర్ ఆమెకు లేరు. దీన్నే క్లినికల్ సూపర్‌విజన్ అంటారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పీజీ అయ్యాక కూడా సీనియర్ కింద 2,000 నుంచి 4,000 గంటలు పనిచేస్తేనే కౌన్సిలర్‌కు పూర్తి లైసెన్స్. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టులకు ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్, పర్యవేక్షణలో శిక్షణ ఉన్నాయి. 2021 అలైడ్ హెల్త్ చట్టం కౌన్సిలర్లనూ లెక్కలోకి తీసుకుంది. కానీ మా హాస్టల్‌కు వచ్చిన మేడం పనిని చూసేది ఎవరని ఎవ్వరూ అడగలేదు. మేం కూడా అడగలేదు లెండి.

సైకాలజీ, ఎంఎస్‌డబ్ల్యూ చదివే మన పిల్లలున్నారు. రేపు కోయలో, గోండిలో వినాల్సింది వాళ్లే. వాళ్లు ఎవరి దగ్గర పని నేర్చుకుంటారు? ఈసారి ఐటీడీఏ పీఓ గారికిచ్చే వినతిపత్రంలో పోస్టు పక్కనే సూపర్‌వైజర్ అని కూడా రాద్దామంటున్నాం. ఏమంటారు?