కడుక్కుంటే పోయే నలుపు

కిందటేడు విశాఖపట్నంలో జరిగిన ఒక సినీ పురస్కార సభకి సన్మానపత్రాలు రాసిపెట్టింది నేనే. సాహిత్యంలో డాక్టరేటు చేసినవాళ్ళకి ఊళ్ళో దొరికే గౌరవాల్లో అదొకటి. "శ్రమజీవుల వేదనకి తెరమీద ప్రాణం పోసిన మహానటుడు" అన్న ముక్క కూడా నాదే. దాన్ని వేదిక మీద గట్టిగా చదువుతున్నప్పుడు నేను హాలు వెనక మెట్ల దగ్గరున్నాను. అరకు నుంచి వచ్చిన థింసా ఆడవాళ్ళు అక్కడ నేలమీద కూచుని ఉన్నారు. చీకటితో లేచి వందకి పైగా కిలోమీటర్లు వచ్చారు. ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, ముఖ్య అతిథి కారు దిగినచోటి నుంచి గుమ్మం దాకా ఎండలో ఆడారు. ఆహ్వానపత్రికలో అతిథి పక్కన నిలబడే ఫొటోగ్రాఫరు పేరు కూడా ఉంది. వీళ్ళకి మాత్రం "గిరిజన నృత్యం" అని రెండే మాటలు. వాళ్ళలో పెద్దావిడ నన్ను అడిగింది: "బస్సెప్పుడు కదుల్తాదమ్మా?"

లోపల బహుమతి ఒక నల్లటి కూలీ పాత్రకి. నలుపు పాత్రది, నటుడిది కాదు.

ఈ దృశ్యం నాకు కొత్త కాదు. నాన్న స్టీలు ప్లాంటు ఉద్యోగి. నేను చదివిన బడిలో వార్షికోత్సవానికి శబరి నాటకం వేశారు. క్లాసులో అందరికన్నా నల్లటిదాన్ని నేనే కాబట్టి ఆ వేషం నాదేననుకుని డైలాగులు బట్టీపట్టాను. టీచరుగారు తెల్లటి పిల్లని పిలిచి మొహానికి బొగ్గుపొడి పూశారు. నాటకం అయ్యాక ఆ పిల్ల కుళాయి దగ్గర మొహం కడుక్కుని, తెల్లగా వెళ్ళి కప్పు అందుకుంది. నన్నెందుకు తీసుకోలేదని అమ్మ అడిగితే, "స్టేజీ మీద లైటు పడితే కనపడదండీ" అన్నారట. నలుపు కనపడాలంటే కింద తెలుపు ఉండాలన్నమాట. తొమ్మిదేళ్ళకే నాకు సౌందర్యశాస్త్రంలో మొదటి పాఠం అయింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2021లో వచ్చిన 'పుష్ప'లో శేషాచలం అడవుల్లో ఎర్రచందనం నరికే కూలీగా అల్లు అర్జున్ మొహానికి నలుపు పులుముకుని నటించాడు. ఆ పాత్రకి 2023లో జాతీయ ఉత్తమ నటుడి అవార్డు ప్రకటించారు. తెలుగు నటుడికి ఆ అవార్డు రావడం అదే మొదలని పండగ చేసుకున్నాం. 2025 జూన్ 14న హైదరాబాదు హైటెక్స్‌లో గద్దర్ తెలంగాణ ఫిల్మ్ అవార్డులిచ్చారు. 'పుష్ప 2'కి ఉత్తమ నటుడు మళ్ళీ అతనే. ఎవరి పేరు మీద? తూప్రాన్ దళితవాడలో పుట్టి, గోచీ, గొంగడి కట్టి, వేషం అవసరం లేని ఒంటితో ఆడిపాడిన గద్దర్ పేరు మీద. 'ఒరేయ్ రిక్షా' పాటకి నంది వస్తే వద్దన్న మనిషి పేరు మీద. ఆ సభలోనే ఎన్టీఆర్, పైడి జయరాజ్, బి.ఎన్. రెడ్డి, నాగిరెడ్డి-చక్రపాణి, కాంతారావు, రఘుపతి వెంకయ్యల పేర్లతో ఆరు ప్రత్యేక పురస్కారాలూ ఇచ్చారు. పేర్లన్నీ మగవాళ్ళవే, అందుకున్న ఆరుగురూ మగవాళ్ళే. 1953లోనే 'చండీరాణి'కి దర్శకత్వం వహించిన భానుమతి పేరు మీద ఒక్కటంటే ఒక్కటి పెట్టాలని ఎవరికీ తట్టలేదు.

నటన అంటేనే వేషం కదా అంటారు. మా ఉత్తరాంధ్ర తూర్పు భాగోతంలో మొహానికి అర్దళం పూసుకుని మగవాడు సత్యభామ అయ్యేవాడు. వేషంతో నాకేం తగువు లేదు. అతని నటనతోనూ లేదు, చిత్తూరు యాస పట్టడానికి బాగానే కష్టపడ్డాడు. నా తగువు వేషం ఒకవైపే నడవడంతో. తెల్లవాళ్ళు నల్లబడితే సాహసం, అంకితభావం, అవార్డు. నల్లవాళ్ళు ఉన్నదున్నట్టు వస్తే గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టు. మన భాషలో వర్ణం అంటే రంగూ అవుతుంది, కులమూ అవుతుంది. కెమెరాకి ఆ శ్లేష బాగా తెలుసు.

ఆడవాళ్ళ దగ్గరికొస్తే ఇంకా ఘోరం. 'రంగస్థలం'లో సమంత, 'దసరా'లో కీర్తి సురేశ్, ఇద్దరికీ ఒంటికి మట్టిరంగు పట్టించారు. పల్లెటూరి ఆడపిల్ల కావాలి గాని పల్లె నుంచి వచ్చిన ఒళ్ళు అక్కర్లేదు. రంగు వివక్ష గురించి సూటిగా మాట్లాడిన సినిమా, 2020 నాటి 'కలర్ ఫొటో'. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. అందులోనూ నల్లగా ఉన్నది అబ్బాయే, అతను ప్రేమించిన అమ్మాయి తెలుపు. నల్లటి మగవాడి బాధ కథ అయింది. నల్లటి అమ్మాయిని ఎవరో ప్రేమించే కథ మనకింకా ఊహకే అందలేదు.

1940లో హాటీ మెక్‌డానియెల్‌కి ఆస్కార్ ఇచ్చారు, నల్లజాతివాళ్ళలో ఆమెకే మొదటిసారి. నల్లవాళ్ళని రానివ్వని హోటల్లో సభ. ఆమెను సహనటులతో కూచోనివ్వకుండా గోడవారగా వేరే బల్ల వేశారు. అలాంటి బల్లలతో విసిగే అక్కడివాళ్ళు 1967లో తమ ఇమేజ్ అవార్డులు తామే పెట్టుకున్నారు. 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద 'నాటు నాటు'కి ఆడిన ప్రధాన నర్తకుల్లో దక్షిణాసియావాళ్ళు లేరని మనమూ నొచ్చుకున్నాం. న్యాయమే. కాని ఆ నొప్పి అనంతగిరి ఘాటు ఎక్కదు. మన సభలో థింసా ఆడినవాళ్ళకి గోడవార బల్ల కూడా వెయ్యలేదు.

అయితే గిరిజనులకి వేరే అవార్డు పెడదాం అంటాడు ఒక పెద్దమనిషి. తమకోసం తాము పెట్టుకునేది వేరు, నోరు మూయించడానికి మనం చేతిలో పెట్టే జ్ఞాపిక వేరు. థింసాని వాళ్ళు ఇటికల పండక్కి, పెళ్ళిళ్ళకి తమకోసం ఆడుకుంటారు. ఊరంతా ఆడే ఆ ఆటకి ప్రేక్షకుడంటూ ఉండడు. దాన్ని మంత్రుల కారు ముందు పరిచే తివాచీగా మార్చింది పట్నం.

నా తప్పు సంగతీ చెప్పాలి. ఆ రోజు నేను కార్యదర్శిగారి దగ్గరికి వెళ్ళి వాళ్ళ పేర్లు మైకులో చదవమన్నాను. "టైము లేదు మేడమ్, అంతమంది పేర్లెక్కడ చదువుతాం" అన్నారు. నేను ఊరుకున్నాను. పైగా వేదిక మీద నాకు శాలువా కప్పుతుంటే వంగి కప్పించుకున్నాను. అసలు ఆ పేర్లు నేను మాత్రం అడిగానా? పెద్దావిడ బస్సు గురించి అడిగితే తెలీదన్నాను గాని, "నీ పేరేంటమ్మా" అనలేదు. వాళ్ళ బస్సు కదిలేసరికి రాత్రి తొమ్మిది దాటింది.

మొన్న మళ్ళీ ఫోనొచ్చింది, ఈ ఏడాది సన్మానపత్రాలకి. ఆడబోయేవాళ్ళందరి పేర్లూ, ఊళ్ళతో సహా ఆహ్వానపత్రికలో వెయ్యండి, హాల్లో ముందువరసలో కుర్చీలు వెయ్యండి, మీరు నటుడికిచ్చే విమానం టిక్కెట్టు ఎంతో, వీళ్ళ చేతికిచ్చేది ఎంతో చెప్పండి, అప్పుడు రాస్తానన్నాను. "కమిటీలో పెడతాను మేడమ్" అన్నారు. పదకొండు రోజులైంది. శాలువా ఇస్త్రీ చేసి పెట్టాను, తిరిగి పంపడానికి.