పెట్టెతో వచ్చిన అక్షరం

ఫిల్మ్‌నగర్‌లో ఓ ఉదయాన్ని ఊహించుకోండి. మాటల రచయిత రాత్రంతా మేలుకుని కోర్టు సీను రాశాడు. డీటీపీ కుర్రాడు దాన్ని టైపు చేసి, తెల్లారేసరికి మెయిల్లో పెట్టాడు. స్పాట్‌లో లైట్లు రెడీ. హీరో మేకప్ అయింది. అసిస్టెంట్ డైరెక్టర్ ల్యాప్‌టాప్ తెరిచి తెల్లబోయాడు. తెరనిండా ఇంగ్లిష్ అక్షరాలు, మధ్యమధ్య డాలరు గుర్తులు, తోకల్లేని కామాలు! వెంటనే రచయితకు ఫోన్ చేశాడు.

''గురువుగారూ, సీను ఏ భాషలో పంపారు?''

''అదేంటయ్యా, తెలుగులోనే కదా!''

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. తప్పు రాసినవాడిదీ కాదు, టైపు చేసినవాడిదీ కాదు. టైపు చేసిన కంప్యూటర్‌లో ఉన్న ఫాంటు ఈ ల్యాప్‌టాప్‌లో లేదు. అంతే!

ఇది ఊహే కావచ్చు. కానీ డీటీపీ చేసేవాళ్లనూ, స్క్రిప్టులు మోసే అసిస్టెంట్లనూ అడిగి చూడండి, కొంచెం అటూ ఇటూగా ఇలాంటి కథే వినిపిస్తుంది. ఎవరూ ఏరికోరి తెచ్చుకోకుండా కంప్యూటర్‌తోనో, ఫోన్‌తోనో పాటే వచ్చే ఫాంటు గురించి మామూలుగా ఎవరూ ఆలోచించరు. అది లేనప్పుడే దాని విలువ తెలుస్తుంది. తెలుగువాడికి అది చాలాకాలం లేదు. దాని ఖరీదు ఇప్పటికీ కడుతూనే ఉన్నాం.

ఇంగ్లిష్ ఇంట్లో అద్దెకు...

అను వంటి డీటీపీ ఫాంట్లు వచ్చిన రోజుల్లో కంప్యూటర్‌కి తెలిసింది ఇంగ్లిష్ ఒక్కటే. అందుకని తయారీదారులు ఓ ఉపాయం చేశారు. ఇంగ్లిష్ అక్షరాల గదుల్లోనే తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టారు. ఒక గదిలో తలకట్టు, ఇంకో గదిలో గుడి, మరోదాన్లో ఒత్తు. ఆ ఫాంటు ఉన్నంతసేపూ తెరమీద చక్కటి తెలుగు కనిపిస్తుంది. ఫాంటు తీసేస్తే అద్దెకున్నవాళ్లు ఖాళీచేసి, అసలు ఇంటివాళ్లయిన ఇంగ్లిష్ అక్షరాలు బయటికొస్తాయి. పై సీన్లో అసిస్టెంట్ డైరెక్టర్ చూసింది వాళ్లనే!

అలాగని ఆ ఫాంట్లను తక్కువ చేయడానికి లేదు. పెళ్లి శుభలేఖల నుంచి సినిమా పోస్టర్ల దాకా, కరపత్రాల నుంచి పుస్తకాల దాకా తెలుగు అచ్చుపనిని మోసింది అవే. లావువీ, సన్నవీ, వంపు తిరిగినవీ... రకరకాల రూపాలు వాటిలో దొరికాయి. కాకపోతే ఫైలు ఎక్కడికెళితే ఫాంటు కూడా అక్కడికి వెళ్లాలి. పెళ్లికొడుకు వెంట తోడిపెళ్లికొడుకులాగా!

గౌతమి వచ్చింది

దీనికి విరుగుడు యూనికోడ్. ప్రపంచంలోని ప్రతి లిపికీ, అందులోని ప్రతి అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే పద్ధతి ఇది. 1991లో వచ్చిన మొదటి రూపంలోనే తెలుగుకు చోటు దొరికింది. ఇక 'క' అంటే ఏ దేశంలోని ఏ కంప్యూటర్‌కైనా ఒకటే నంబరు. అయితే నంబరు ఉంటే సరిపోదు. ఆ నంబరును చూసి అక్షరాన్ని గీసే ఫాంటు కూడా మెషీన్‌లో ఉండాలి.

2001లో విండోస్ ఎక్స్‌పీతో ఆ ఫాంటు వచ్చింది. పేరు 'గౌతమి'. కన్నడానికి 'తుంగ', పంజాబీకి 'రావి' అని పెట్టినట్టే మనకూ గోదావరి పేరు పెట్టారు. పేరు బాగానే ఉంది కానీ నది మాత్రం తనంతట తాను ఇంటిదాకా రాలేదు. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి, 'కాంప్లెక్స్ స్క్రిప్ట్' అని రాసి ఉన్న గడిలో టిక్కు పెట్టి, అడిగితే ఎక్స్‌పీ సీడీని డ్రైవ్‌లో దూర్చాలి. ఆ సంగతి తెలియనివాళ్ల తెరమీద తెలుగు బదులు వరసగా చతురస్రాలు కనిపించేవి. నెటిజన్లు వాటికి 'డబ్బాలు' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ''నీ మెయిల్ వచ్చింది, అన్నీ డబ్బాలే!'' అన్న మాట అప్పట్లో వినని తెలుగు బ్లాగరు ఉండడేమో. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన 'పోతన', 'వేమన' ఫాంట్లను దించుకుని గండం గట్టెక్కినవాళ్లూ ఉన్నారు.

2007లో వచ్చిన విస్టాతో ఆ టిక్కుల బాధ తప్పింది. 2009లో విండోస్ 7తో 'వాణి' తోడైంది. 2012లో విండోస్ 8తో 'నిర్మల' వచ్చింది. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, బెంగాలీ... ఇలా మన దేశపు లిపులెన్నింటినో ఒక్క ఫాంటులో సర్దేశారు. 2015లో విండోస్ 10 వచ్చేసరికి గౌతమి, వాణి రెండూ కావాలంటే విడిగా దించుకోవాల్సిన జాబితాలోకి వెళ్లిపోయాయి. పాత హీరోయిన్లు అక్క, వదిన పాత్రలకి మారినట్టన్నమాట!

ఫోను ముందు... ఫాంటు తర్వాత

కంప్యూటర్ సంగతి ఎలా ఉన్నా, అసలు నష్టం జరిగింది ఫోన్లో. స్మార్ట్‌ఫోన్లు జూబ్లీహిల్స్ నుంచి కృష్ణానగర్ దాకా చేతుల్లోకి వచ్చేసిన తొలిరోజుల్లో ఆండ్రాయిడ్‌లో తెలుగు ఫాంటు లేదు. తెలుగు సైటు తెరిస్తే డబ్బాలే. దానికో చిట్కా ఉండేది. ఒపెరా మినీ బ్రౌజర్‌లో అడ్రసు రాసేచోట 'ఒపెరా: కాన్ఫిగ్' అని కొట్టి, కనిపించే జాబితాలో అడుగున ఉన్న ఓ వరసలో 'ఎస్' అని పెడితే తెలుగు అక్షరాలు బొమ్మల్లా వచ్చేవి. చదవడానికి సరే, మరి స్నేహితుడికి రాయడానికో? దారి లేదు.

ఆండ్రాయిడ్‌కు తెలుగును సరిగా చూపడం 2012లో వచ్చిన 4.1 వెర్షన్‌తో అలవడింది. 'జెల్లీబీన్' అని దాని పేరు. అయితే ఆ ఏడాది ఫోన్లన్నీ ఆ వెర్షన్‌కి మారిపోలేదు. పాత ఫోను పాతదిగానే ఉండిపోయేది. ఏ భారతీయ భాషలో సందేశం వచ్చినా ఫోనులో చదవగలిగేలా ఉండాలనీ, ఇంగ్లిష్, హిందీలతో పాటు మరో భారతీయ భాషలో రాసే వీలు కూడా ఉండాలనీ కేంద్ర ప్రభుత్వం ఆదేశించింది 2016లో.

ఈ మధ్యకాలంలో జనం ఊరుకోలేదుగా! మాట్లాడుకోవాలి, జోకులేసుకోవాలి, ప్రేమించుకోవాలి. అందుకని 'ఎక్కడున్నావ్'ని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టడం నేర్చుకున్నారు. వేళ్లకు అలవాటైపోయింది. ఆ తర్వాత ఫాంటు వచ్చింది, కీబోర్డు వచ్చింది, మైకులో చెబితే రాసిపెట్టే సౌకర్యమూ వచ్చింది. కానీ వేళ్లు వెనక్కి రాలేదు. తెలుగు చక్కగా చదవగలిగినవాళ్లు కూడా సందేశం మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే పంపుతున్నారంటే కారణాలు చాలానే ఉండొచ్చు. వాటిలో ఇదొకటి... అక్షరం ఆలస్యంగా వచ్చింది.

ఫిల్మ్‌నగర్‌లో ఈ అలవాటు మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ముంబయి నుంచి వచ్చిన నాయికకు తెలుగు డైలాగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసివ్వడం ఎప్పటినుంచో ఉన్నదే. అది అవసరం. ఇప్పుడు ఆ కాగితం తెలుగు కుటుంబంలో పుట్టిన కుర్రహీరోల చేతుల్లోనూ కనిపిస్తోంది. అది అలవాటు. అవసరం తీరగానే పోతుంది. అలవాటు పోదు.

ఐఫోన్‌ని పడగొట్టిన 'జ్ఞా'

ఫోన్ల కంపెనీలు మన లిపిని ఆలస్యంగా పట్టించుకున్నాయనడానికి ఇంకో సాక్ష్యం 2018 ఫిబ్రవరిలో దొరికింది. ఒక తెలుగు అక్షరం ఉన్న సందేశం వస్తే చాలు, ఐఫోన్లో ఆ యాప్ కుప్పకూలిపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ కూలేది. ఆ అక్షరం... 'జ్ఞా'. జ్ఞానంలో మొదటి అక్షరం! మామూలుగా రాస్తే ఏమీ కాదు. ఒత్తుకీ దీర్ఘానికీ నడుమ కంటికి కనిపించని ఓ యూనికోడ్ గుర్తు చేరితేనే గొడవ. ఆ వరసను ఎలా గీయాలో సాఫ్ట్‌వేర్‌కి అర్థంకాక చతికిలబడింది. ప్రపంచ పత్రికలన్నీ 'తెలుగు అక్షరం' గురించి రాశాయి. ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 వెర్షన్ విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. తెలుగు సంయుక్తాక్షరం అంటే పక్కపక్కన పేర్చే ఇటుకలు కాదనీ, ఒకదాని కింద ఒకటి, ఒకదాన్లోంచి ఒకటి మొలిచే కొమ్మలనీ చాలామందికి అప్పుడే తెలిసింది.

ఆ కొమ్మలకి చోటు చాలకపోవడం ఇప్పటికీ ఉంది. 'రాష్ట్రం', 'స్త్రీ', 'వస్త్రాలు' రాసి చూడండి. ఒత్తులు కిందికి దిగుతాయి, గుడి పైకి లేస్తుంది. ఫోన్లో గీతకూ గీతకూ మధ్య జాగా మాత్రం ఇంగ్లిష్ కొలతలకి తగ్గట్టు ఉంటుంది. అందుకే ఆండ్రాయిడ్‌కి గూగుల్ ఇచ్చిన 'నోటో' తెలుగు ఫాంటులో మెనూలూ బటన్లలో ఇమిడేలా ఎత్తు కుదించిన రూపం ఒకటి ప్రత్యేకంగా చేశారు. 'నోటో' అన్న పేరుకు అర్థం 'ఇక డబ్బాలు ఉండవు' అని. ఇంగ్లిష్‌వాళ్లు ఆ డబ్బాల్ని 'టోఫు' అంటారు, సోయా పనీర్ ముక్కల్లా ఉంటాయని! అది లేదు కాబట్టి 'నో టోఫు', కుదిస్తే నోటో. డబ్బాలు పోయిన మాట నిజమే. అక్షరాలు మాత్రం ఇరుకు వాటాలో కాళ్లు ముడుచుకుని కూర్చున్నాయి.

మాట నీది, రాత ఫోనుది

ఇక్కడ ఓ తమాషా ఉంది. మీరెంత అందమైన ఫాంటు దించుకున్నా సరే, మీరు పంపే సందేశంలో వెళ్లేది అక్షరాల నంబర్లే. రూపం వెళ్లదు. అవతలి ఫోనులో కంపెనీ వేసిన ఫాంటే వాటిని గీస్తుంది. అంటే మాట పంపినవాడిది, రాత అందుకున్న ఫోనుది. కోట్లమంది తెలుగువాళ్లు రోజూ చదివే అక్షరం ఎలా ఉండాలో నిర్ణయిస్తున్నది వాళ్లు కాదు. ఫోనుతో పాటు పెట్టెలో వచ్చిన ఒకటో రెండో ఫాంట్లు. విండోస్‌లో నిర్మల, ఆండ్రాయిడ్‌లో నోటో, యాపిల్‌లో 'తెలుగు సంగం ఎంఎన్', 'కోహినూర్ తెలుగు'. ఆ 'ఎంఎన్' అన్న పొడి అక్షరాలు ముత్తు నెడుమారన్‌వి. మలేసియాలో ఉన్న తమిళుడాయన. యాపిల్ మెషీన్లలో తెలుగు కళ్లకు ఆనిందంటే ఆయన చలవే!

సినిమా పోస్టరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ ప్రతి పేరుకీ ఓ సొంత రాత. బాపు కుంచె తిప్పితే అక్షరమే నడుం వంచి నమస్కారం చేసేది. ఆయన రాతను చూసి ఫాంట్లే తయారుచేసుకున్నారు. ఈశ్వర్ వంటి పబ్లిసిటీ డిజైనర్లు టైటిల్ చూడగానే కథ పౌరాణికమో, ఫ్యాక్షనో, ప్రేమకథో తెలిసిపోయేలా రాశారు. ఆయన తన అనుభవాల్ని 'సినిమా పోస్టర్' అన్న పుస్తకంగానూ తెచ్చారు. నేటికీ పెద్ద సినిమాకి టైటిల్ డిజైన్ ప్రత్యేకంగా చేయిస్తారు. అది బొమ్మగా వెళుతుంది కనక ఏ ఫోనులో చూసినా మారదు. అదే సినిమా పేరును కింద కామెంటులో తెలుగులో రాస్తే... మళ్లీ నోటోనే!

ఎనిమిదిమంది కవులు గుమ్మం బయట

మరి మనకు మంచి ఫాంట్లు లేవా? బోలెడు. 2013లో సిలికానాంధ్ర తరఫున పదుల సంఖ్యలో తెలుగు ఫాంట్లు ఉచితంగా విడుదలయ్యాయి. వాటిలో ఎక్కువ భాగం పురుషోత్ కుమార్ గుత్తుల గీసినవి. పేర్లు చూస్తే భువనవిజయం కొలువుదీరినట్టే ఉంటుంది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, సూరన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ... అష్టదిగ్గజాలు ఎనిమిదిమందీ ఉన్నారు. వాళ్ల రాజు శ్రీకృష్ణదేవరాయలూ ఉన్నాడు. గిడుగు, గురజాడ, సురవరం వచ్చారు. 'ఎన్టీఆర్' అనే ఫాంటు కూడా ఉంది. 1956 నాటి 'తెనాలి రామకృష్ణ'లో రాయలుగా వేసిన నటుడు ఇప్పుడు రాయల పక్కనే ఫాంటై నిలబడ్డాడు!

వీళ్లంతా గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతారు. కానీ ఫోనుతో రారు. ఎవరైనా పనిగట్టుకుని వెళ్లి పిలుచుకురావాలి. పిలిచేవాళ్లు డిజైనర్లు, వెబ్‌సైట్లవాళ్లు. మామూలు జనం పిలవరు. పిలవాలన్న సంగతే వాళ్లకు తెలియదు. పెట్టెలో ఉన్నదే అక్షరం అనుకుంటారు.

ఫిల్మ్‌నగర్‌కి ఇది చిన్న విషయమేమీ కాదు. పాత హార్డ్‌డిస్కుల్లో, సీడీల్లో పాత ఫాంట్లలో టైపుచేసిన స్క్రిప్టులు ఇంకా ఉండే ఉంటాయి. ఆ ఫాంటు ఉన్న చివరి కంప్యూటర్ మూలపడిన రోజున అవన్నీ డాలరు గుర్తులే. వాటిని యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు ఉన్నాయి. ఒత్తులు అక్కడక్కడా తప్పుతాయి కనక తెలుగు తెలిసినవాళ్లు ఓసారి చదివి దిద్దాలి. కొత్త స్క్రిప్టయితే మొదటే యూనికోడ్‌లో రాసుకుంటే పదేళ్ల తర్వాత కూడా తెరుచుకుంటుంది. రూపం మారకూడదనుకుంటే ఫాంటును కూడా లోపల చేర్చిన పీడీఎఫ్ చేసి పంపొచ్చు.

ఇక హీరోగారి కోర్టు సీను ఏమైందంటారా? రచయిత నవ్వి, సీను మొత్తం ఫోన్లోనే చదివి వినిపించాడు. అసిస్టెంటు కాగితం తీసుకుని చేత్తో రాసుకున్నాడు. షాట్ ఓకే.

ఏ కంపెనీ వేసివ్వకపోయినా అక్షరాలు ముందే సిద్ధంగా ఉండే చోటు ఒక్కటే... చెయ్యి. కాకపోతే దానికీ అలవాటు తప్పకూడదు.