పదమూడేళ్లకు ‘కాదు’ అనే హక్కు లేదా? కలకత్తా యూదుల బడులు చెప్పే పాఠం

యూదులు అనగానే మనవాళ్లకు హిట్లర్, ఐన్‌స్టీన్, ఇజ్రాయెల్ గుర్తుకొస్తాయి. కలకత్తా గుర్తుకు రాదు. కానీ మతం తన పిల్లలను ఎలా తయారు చేసుకుంటుంది, ఆ తయారీ ఎంతకాలం నిలుస్తుంది అని అడిగితే కలకత్తా యూదుల చరిత్ర కంటే మంచి ఉదాహరణ మన దేశంలో నాకు కనబడలేదు. చిన్న సమాజం. సుమారు రెండు వందల ఏళ్ల కథ. మొదలు, చివర రెండూ మన కళ్లెదుటే ఉన్నాయి.

హేతువాదులు ఒక్క హిందూ మతాన్నే విమర్శిస్తారని కొందరు మిత్రులు తరచూ దెప్పుతుంటారు. వారు కూడా ఇది ఓపిగ్గా చదవాలని కోరుతున్నాను.

ముందుగా రబ్బీ అంటే ఎవరో చూద్దాం. రబ్బీ పూజారి కాడు. గుడిలో హారతి ఇచ్చే పని, దేవుడికీ భక్తుడికీ మధ్య దళారీ పని ఆయనవి కావు. యూదుల ఆలయం క్రీ.శ. 70లో రోమన్ల చేతిలో కూలిపోయాక పూజారుల ప్రాధాన్యం పడిపోయింది. ఆ స్థానంలోకి గ్రంథం చదివినవాడు వచ్చాడు. రబ్బీ అంటే గురువు, ధర్మశాస్త్రం తెలిసినవాడు, తగువులు తీర్చేవాడు. కనుక యూదు మతంలో నాయకత్వం, చదువు విడదీయరానివి. నాయకుడి అసలు పని పాఠం చెప్పడమే.

ఆ పాఠానికి వయసుల లెక్క కూడా ఉంది. అయిదేళ్లకు బైబిలు, పదేళ్లకు మిష్నా, పదమూడేళ్లకు మతాజ్ఞలు, పదిహేనేళ్లకు తాల్ముద్ అని పాత గ్రంథం చెబుతుంది. పదమూడేళ్లు నిండిన మగపిల్లవాడు ‘బార్ మిత్స్వా’. అంటే మతాజ్ఞలకు తానే బాధ్యుడు. ఆడపిల్లకు పన్నెండేళ్లకే ఆ బాధ్యత వస్తుంది. అయితే తాల్ముద్ చదువు మాత్రం చాలా శతాబ్దాలు ఆడపిల్లల దరికి రానివ్వలేదు. బాధ్యత ముందు, చదువు మాత్రం లేదు! మన ధర్మశాస్త్రకారులు స్త్రీలకు వేదాధికారం లేదన్నదానికి దీనికి పెద్ద తేడా లేదు.

న్యాయంగా ఒప్పుకోవలసినది కూడా చెప్పాలి. తాల్ముద్ అంటే వాదోపవాదాల గుట్ట. ఓడిపోయిన అభిప్రాయాన్ని కూడా పేరుతో సహా భద్రపరిచారు. అందులో ఒక కథ మన హేతువాదులకు బాగా నచ్చుతుంది. ఒక పొయ్యి శుద్ధమా కాదా అని పండితులకు తగాదా వచ్చింది. ఎలియేజర్ అనే రబ్బీ తన మాటే సరైనదని మహిమలు చూపించాడు. చెట్టు కదిలింది, కాలువ వెనక్కి పారింది, చివరికి ఆకాశవాణి కూడా ఆయన పక్షమే పలికింది. మిగతా పండితులు లొంగలేదు. ధర్మం ఇప్పుడు ఆకాశంలో లేదు, మనుషుల చేతిలో ఉంది, మెజారిటీ ఏది చెబితే అదే అన్నారు. మహిమలు రుజువు కావని ఒక మతగ్రంథమే చెప్పడం విశేషం కాదా?

ఈ కథను గొప్పగా చెప్పేవారు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆ తరువాత ఏం జరిగింది? మెజారిటీకి తలవంచని ఎలియేజర్‌ను వెలివేశారు. వాదించవచ్చు, కానీ గీత లోపల. 1656లో ఆమ్‌స్టర్‌డామ్ యూదు సమాజం స్పినోజాను వెలివేసినప్పుడు ఆయన వయసు 23. ఆ సమాజపు బడిలోనే చదువుకున్న కుర్రవాడు. ప్రశ్నించడం నేర్పిన బడే, ప్రశ్న గీత దాటగానే తలుపు మూసింది.

ఇక కలకత్తాకు వద్దాం. 1798లో అలెప్పో నుంచి సూరత్ మీదుగా వచ్చిన షాలోమ్ కోహెన్‌తో అక్కడి యూదు సమాజం మొదలైంది. బాగ్దాద్ నుంచి వర్తకులు వచ్చి చేరారు. నీలిమందు, నల్లమందు, పత్తి, తరువాత భూములు, భవనాలు. ఎజ్రా కుటుంబం పేరు ఇప్పటికీ ఒక వీధికి ఉంది. 1856లో బెత్ ఎల్, 1884లో మాగెన్ డేవిడ్ సినగాగులు కట్టారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బర్మా నుంచి వచ్చిన శరణార్థులతో కలిపి వేలల్లో ఉండేవారు. ఇప్పుడు సుమారు ఇరవై మంది. సామూహిక ప్రార్థనకు సంప్రదాయం ప్రకారం పదిమంది మగవాళ్లు కావాలి. వాళ్లు కూడా దొరకడం కష్టం.

ఇన్ని సినగాగులు కట్టిన సమాజం చాలాకాలం తన ఊళ్లో పుట్టి, సెమినరీలో చదివి పట్టా పుచ్చుకున్న రబ్బీ లేకుండానే నడిచింది. ప్రార్థన నడిపించేవారు ఉండేవారు. పెత్తనం ధనవంతులైన వర్తకులది. ధర్మసందేహం వస్తే బాగ్దాద్ పండితులకు ఉత్తరం రాసేవారు. కలకత్తాలో 1927లో పుట్టిన ఎజెకియల్ ముస్లియా న్యూయార్క్‌లోని జ్యూయిష్ థియలాజికల్ సెమినరీలో చదివి 1952లో రబ్బీ అయి తిరిగివచ్చాడు. అప్పటికే జనం ఓడలెక్కుతున్నారు. పన్నెండేళ్లు సేవ చేసి, 1964లో ఆయన కూడా ఫిలడెల్ఫియా వెళ్లాడు. తరువాత 1975లో కలకత్తా యూదుల చరిత్రను పుస్తకంగా రాశాడు. గురువు దొరికే నాటికి శిష్యులు లేకుండా పోయారు. ఆయన చివరికి చరిత్రకారుడుగా మిగిలాడు.

పిల్లల చదువుకు వాళ్లు చేసిన ఏర్పాటు ఇంకా ఆసక్తికరం. 19వ శతాబ్దంలో కలకత్తాలో మంచి ఇంగ్లీషు చదువు కావాలంటే మిషనరీ బడికి పోవాలి. పోతే పిల్లలు క్రైస్తవంలో కలిసిపోతారని పెద్దల భయం. అందుకని 1881లో జ్యూయిష్ గర్ల్స్ స్కూల్, 1882లో మగపిల్లలకు ఎలియాస్ మేయర్ ఫ్రీ స్కూల్ అండ్ తాల్ముద్ తోరా పెట్టారు. అంటే ఈ బడులకు మొదటి కారణం జ్ఞానం మీద ప్రేమ ఒక్కటే కాదు, కంచె వేసుకోవడం కూడా. మిషనరీల మీద కోపంతో మనవాళ్లు పెట్టిన బడులూ చాలా ఉన్నాయి కదా. అదే వరస.

కానీ బడికి ఒక చిక్కు ఉంది. కంచె కోసం పెట్టినా లోపల లెక్కలు, భూగోళం, ఇంగ్లీషు చెప్పక తప్పదు. ఆడపిల్ల చదవడం నేర్చాక ఏం చదవాలో ఎవరూ నిర్ణయించలేరు. జ్యూయిష్ గర్ల్స్ స్కూల్లో పనిచేసిన రెజీనా గుహ న్యాయశాస్త్రం చదివి, ప్లీడరుగా పేరు నమోదు చేయమని 1916లో కోర్టును అడిగింది. స్త్రీ అన్న కారణంతో కలకత్తా హైకోర్టు కాదంది. 1923లో చట్టం తెచ్చి ఆ అడ్డు తీసేశారు. ఆమె చెల్లెలు హన్నా సేన్ ఢిల్లీలో లేడీ ఇర్విన్ కాలేజీకి తొలి డైరెక్టర్ అయింది. వాళ్ల తండ్రి బెంగాలీ, తల్లి బాగ్దాదీ యూదురాలు. కంచెలు వేసుకున్న కాలంలో కంచె దాటిన కుటుంబం అది.

ఇప్పుడు ఆ బడి పార్క్ స్ట్రీట్‌లో ఉంది. దశాబ్దాలుగా అందులో యూదు పిల్లలు లేరు. చదివేది ఎక్కువగా ముస్లిం ఆడపిల్లలు. బడి గుర్తు మాత్రం దావీదు నక్షత్రమే. సినగాగుల తాళంచెవులు కూడా తరాలుగా ముస్లిం కాపలాదారుల దగ్గరే ఉన్నాయి. ప్రపంచమంతా యూదులు, ముస్లింలు పుట్టు శత్రువులని చెప్పేవారు ఒకసారి పార్క్ స్ట్రీట్ వెళ్లి చూడాలి. మతం కోసం పెట్టిన బడిలో మతం పోయింది, బడి మిగిలింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. యూదులు వెళ్లిపోయింది చదువు వల్ల కాదు, 1946 అల్లర్లు, దేశ విభజన, వ్యాపారం మీద ఆంక్షలు, 1948లో ఇజ్రాయెల్ ఏర్పాటు, లండన్, సిడ్నీల ఆకర్షణ వల్ల అంటారు. నిజమే. చదువు వల్ల మతం పోయిందని నేను అనడం లేదు. వెళ్లినవారిలో చాలామంది అక్కడ సినగాగులు కట్టుకున్నారు కూడా. నేను చెప్పేది ఇంకొకటి. సమాజాన్ని కాపాడటానికి పిల్లల బుర్రలకు కంచె వేయాలన్న వాదన ఉంది చూశారూ, అది తన సొంత లెక్కలోనే తప్పింది. కంచె వేసినా సమాజం నిలవలేదు. నిలిచింది ఎవరైనా చదువుకోగలిగిన భాగం మాత్రమే.

ఇప్పుడు అసలు ప్రశ్న. పదమూడేళ్లకు మతాజ్ఞలకు బాధ్యుడయ్యేంత తెలివి వస్తుందని యూదు మతం అంటోంది. క్రైస్తవుల్లో చాలా శాఖలు దాదాపు అదే వయసులో దృఢీకరణ చేస్తాయి. మన దగ్గర ఇంకా ముందే. నాకు తొమ్మిదో ఏట ఒడుగు చేశారు. చెవిలో మంత్రం చెప్పారు, అర్థం చెప్పలేదు. నీకిష్టమేనా అని ఎవరూ అడగలేదు. అడగాలన్న ఊహ కూడా ఎవరికీ లేదు. ‘అవును’ అనడానికి సరిపోయిన తెలివి ‘కాదు’ అనడానికి ఎందుకు సరిపోదు? ఒకే సమాధానం ఒప్పుకునే ప్రశ్నను ప్రశ్న అనరు. దాన్ని తంతు అంటారు.

మన చట్టం ఏమంటుందో చూడండి. రాజ్యాంగం 28(3) అధికరణ ప్రకారం ప్రభుత్వ గుర్తింపు లేక సాయం ఉన్న బడిలో ఎవరినీ మతబోధకు బలవంతంగా కూర్చోబెట్టకూడదు. మంచిదే. కానీ మైనరు అయితే సంరక్షకుడి సమ్మతి ఉంటే చాలు. పిల్లవాడి సమ్మతి ఊసే లేదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 14వ అధికరణ మాత్రం ఆలోచన, అంతరాత్మ, మతం విషయంలో స్వేచ్ఛ బిడ్డకే ఉందని చెప్పింది. తల్లిదండ్రుల పాత్ర బిడ్డ ఎదుగుతున్న శక్తికి తగినట్లు దారి చూపడం వరకే. 1992లో మన దేశం ఆ ఒప్పందంలో చేరింది. చేరి ఇన్నేళ్లయినా దాన్ని బడిలో అడిగే నాథుడు లేడు. నరిసెట్టి ఇన్నయ్య గారు 2009లో ఇంగ్లీషులో ఈ విషయం మీదే ఒక పుస్తకం రాశారు. మనవాళ్లు దాన్ని ఇంకా చర్చించవలసినంత చర్చించలేదు.

ఇది దూరదేశపు సమస్య కాదు. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రయీం పేరుతో ఒక తెలుగు యూదు సమాజం ఉంది. మాదిగ కుటుంబాలు, అంతకుముందు బాప్టిస్టు క్రైస్తవులు. యాకోబి సోదరుల నాయకత్వంలో 1990ల మొదట్లో ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. పిల్లలు హీబ్రూ నేర్చుకుంటారు. కులం ఇచ్చిన అవమానం నుంచి బయటపడే దారిగా వారు చరిత్రను తిరిగి చదువుకుంటున్నారని నాకు అర్థమవుతుంది. ఆ ఆత్మగౌరవాన్ని గేలి చేసే హక్కు మనకు లేదు. కానీ అక్కడి పదిహేనేళ్ల అమ్మాయికీ అదే ప్రశ్న వర్తిస్తుంది. ఆమె యూదురాలా కాదా అని ఇజ్రాయెల్ రబ్బీలు తేల్చాలట. తాత క్రైస్తవుడు కావడం, తండ్రి యూదుడు కావడం వాళ్లు ఎంచుకున్నవి. ఆమె వంతు ఎప్పుడు?

నా సూచన చిన్నది. పదమూడేళ్లు దాటిన పిల్లలకు మతబోధ చేయాలంటే తండ్రి సంతకం పక్కన పిల్లల సంతకం కూడా ఉండాలి. ఎప్పుడైనా దాన్ని వెనక్కి తీసుకునే వీలుండాలి. మానేస్తే ఇంట్లో, బడిలో శిక్ష ఉండకూడదు. ఒక మతాన్ని బోధించే బదులు అన్ని మతాల గురించి, మతం లేనివారి గురించి కూడా చరిత్రగా చెప్పాలి. రబ్బీ, పాస్టరు, మౌల్వీ, స్వామి ఎవరైనా పాఠం చెప్పుకోవచ్చు. కానీ వినేవాడు లేచి వెళ్లిపోగలిగితేనే అది పాఠం.

ఇదే కొలత మనకూ పెట్టుకోవాలి. మన సంఘాల శిబిరాలకు కార్యకర్తల పిల్లలు వస్తుంటారు. దేవుడు లేడని బట్టీ పట్టి చెబితే మనం చప్పట్లు కొడతాం. అదీ కంచే. ఎలియేజర్‌ను వెలివేసిన సభలాగా కాక, ‘మీ వాదన నాకు నచ్చలేదు, నేను గుడికి వెళతాను’ అన్న పిల్లవాడిని కూడా కూర్చోబెట్టి, కారణాలు అడిగి, మన కారణాలు చెప్పి, ఇష్టమైతే వెళ్లనివ్వగల సభ మనది కావాలి. అలా వెళ్లనివ్వలేనప్పుడు మనకూ మతబోధకులకూ తేడా ఏమిటో చెప్పడం నావల్ల కాదు.