పచ్చకామెర్ల పసరు - కాలేయంలో దాగిన వైరస్

మా దర్శి ప్రాంతంలో ఎవరికైనా కళ్ళు పచ్చబడితే వైద్యుని కంటె ముందు పసరు మందు జ్ఞప్తికి వస్తుంది. నేల ఉసిరి రసం, ఉప్పు లేని పథ్యం. పచ్చదనం విరిగితే కామెర్లు దిగినవని తృప్తి. నేల ఉసిరిని భూమ్యామలకి అని మా గురుపరంపర గౌరవిస్తుంది, నేనూ వాడుతున్నాను. అయినప్పటికీ హెపటైటిస్-బి విషయంలో ఈ తృప్తి ప్రమాదకరమని నా నిశ్చితాభిప్రాయం.

కామెర్లు తగ్గడం వేరు, వైరస్ తొలగడం వేరు. ఆరోగ్యవంతులైన పెద్దలలో సుమారు నూటికి 95 మందికి కొత్తగా సోకిన బి-వైరస్ తనంతట తానే తొలగిపోతుంది. కీర్తి పసరుకు దక్కుతుంది. పుట్టిన వేళ తల్లి నుండి సోకిన శిశువులలో మాత్రం సుమారు 90 శాతం మందిలో అది నిలిచిపోతుంది. వారికి తరచు కామెర్లు సైతం కనిపించవు.

వైరస్ తన జన్యుపదార్థాన్ని కాలేయ కణపు కేంద్రకంలో చిన్న వలయంగా దాచుకొంటుంది. మన కణం ఊరుకోదు. ఎస్.ఎం.సి. 5/6 అనే మాంసకృత్తుల, అనగా ప్రోటీన్ల, సముదాయం ఆ వలయాన్ని పట్టుకొని దాని జన్యువులను పనిచేయనివ్వదు. అప్పుడు వైరస్ 154 అమైనో ఆమ్లాలు గల 'ఎక్స్' అనే చిన్న మాంసకృత్తును ప్రయోగిస్తుంది. అది మన కణానికే చెందిన డి.డి.బి.1 అనే మాంసకృత్తుతో జత కడుతుంది. పనికిరాని మాంసకృత్తులకు గుర్తు వేసి నాశనం చేయించే యంత్రాంగంలో డి.డి.బి.1 ఒక భాగం. ఎక్స్ దానిచేత కాపలాదారుకే ఆ గుర్తు వేయిస్తుంది. కాపలా తొలగగానే వైరస్ జన్యువులు మేల్కొంటాయి. ఇంటివాని తాళపుచెవితోనే ఇల్లు దోచడమన్నమాట! 2016లో ఈ గుట్టు బయటపడింది.

1988లో మద్రాసు పరిశోధకులు, ఈ వైరస్‌ను కనుగొన్న బ్లూంబర్గ్‌తో కలిసి, ఒక ఫలితం ప్రకటించారు. నేల ఉసిరి తీసుకొన్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ పైపొర మాంసకృత్తు కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే అట్లు జరిగింది. తరువాత ఇతర దేశాలలో చేసిన పరీక్షలలో ఆ ఫలితం నిలువలేదు. మనవారు మొదటి మాటే చెప్పి రెండవది దాటవేస్తారు. మూలికపై గౌరవం అది కాదు.

అల్లోపతి టెనోఫోవిర్ సైతం వైరస్ వృద్ధిని అణచుతుందే గాని ఆ వలయాన్ని పెకలించలేదు. గనుక టీకాయే దిక్కు. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో దానిని దేశీయంగా తయారుచేసి చౌకగా అందించింది. బిడ్డ పుట్టిన 24 గంటలలోపు మొదటి మోతాదు పడవలెను. గర్భిణికి హెచ్.బి.ఎస్.ఏజి. రక్తపరీక్ష చేయించవలెను, ఇంట్లో ఒకరికి ఉన్నదని తేలితే అందరికీ చేయించవలెను. 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమం క్రింద నిర్దేశిత ప్రభుత్వ కేంద్రాలలో పరీక్ష, మందులు ఉచితం. పసరు కోసం వచ్చేవారిని నేను ముందుగా ఆ పరీక్షకే పంపుతున్నాను.